అప్పగింతలో తూకం: నేరస్థుల అప్పగింత చట్టాలపై ఒక విమర్శ

ఒక దేశంలో నేరం చేసి, లేదా చేసినట్లు ఆరోపణకు గురై, మరొక దేశంలో ఉంటున్న వ్యక్తిని మొదటి దేశానికి తిరిగి ఒప్పజెప్పడమే నేరస్థుల అప్పగింత. దీని అవసరాన్ని ఎవరూ కాదనలేరు. హత్య చేసినవాడు సరిహద్దు దాటినంత మాత్రాన నిర్దోషి కాడు. బాధితునికి న్యాయం పొందే హక్కు సరిహద్దు దగ్గర ఆగిపోదు. ఏ దేశమూ నేరస్థులకు దాగుడు స్థలం కారాదన్న సూత్రం సరియైనదే.

అయితే ఈ సూత్రం ఒక్కటే చాలునా అన్నది ప్రశ్న. అప్పగింత అంటే రెండు ప్రభుత్వాల మధ్య కాగితాల మార్పిడి కాదు. మనిషిని అరెస్టు చేస్తారు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి నిర్బంధిస్తారు. భార్యాబిడ్డల నుండి, బ్రతుకుతెరువు నుండి వేరుచేసి విమానం ఎక్కిస్తారు. ఇదంతా చాలసార్లు నేరం రుజువు కాకముందే జరుగుతుంది. నేరం ఘోరమైనదైతే ఈ నష్టాన్ని సమాజం భరించమని అడగవచ్చు. నేరం స్వల్పమైనదైతే అప్పగింతయే అసలు శిక్షను మించిన శిక్ష అవుతుంది. నేరానికీ, దాని నిమిత్తం రాజ్యం తీసుకునే చర్యకూ మధ్య ఉండవలసిన ఈ పొంతననే న్యాయశాస్త్రంలో అనుపాత సూత్రం అంటారు.

గత రెండు దశాబ్దాలలో ఈ సూత్రాన్ని విస్తారంగా చర్చించిన వాటిలో ఇంగ్లండు న్యాయస్థానాలు ముఖ్యమైనవి. వాటి తీర్పులలో పాండిత్యానికి కొదువ లేదు. కాని వాటిని వరుసగా చదివినప్పుడు ఒక లోపం బయటపడుతుంది. చట్టం తనకు పూర్వం తెలిసిన ఒక విషయాన్ని మరచిపోయింది. దానిని మళ్ళీ తెచ్చుకునే ప్రయత్నంలో నేరం ఎంతటిదన్న ప్రశ్నను విడిచి, నిందితుని కుటుంబం ఎటువంటిదన్న ప్రశ్నను పట్టుకున్నది.

1881లో తెలిసినది, 2003లో మరచినది

బ్రిటిషు సామ్రాజ్యంలోని ఒక భాగం నుండి మరొక భాగానికి పారిపోయినవారిని తిరిగి పంపడానికి 1881లో ఒక చట్టం చేశారు. పరారీ నేరస్థుల చట్టమని దానికి పేరు. సామ్రాజ్య ప్రయోజనాల కొరకు చేసిన చట్టమే అయినా అందులో ఒక మంచి నియమం ఉన్నది. కేసు అల్పమైనదైనా, కోరిక సద్భావంతో, న్యాయం కొరకు చేసినది కాకపోయినా, మనిషిని తిరిగి పంపకుండా ఉండే అధికారం ఉన్నత న్యాయస్థానానికి ఇచ్చారు. అలా పంపడం అన్యాయమా, పీడనమా, లేక మితిమీరిన శిక్షయా అని నిర్ణయించేటప్పుడు దూరాన్ని, ప్రయాణ సౌకర్యాలను కూడ లెక్కలోకి తీసుకొమ్మన్నారు. తిరిగి పంపడం తనంతట తానే ఒక శిక్ష కాగలదని ఆ చట్టం గుర్తించింది. నేటి భాషలో చెప్పాలంటే అదే అనుపాత సూత్రం.

నేరం అల్పమైనప్పుడు అప్పగింతను ఆపే ఈ అధికారం 1967 చట్టంలోనూ, 1989 చట్టంలోనూ కొనసాగింది. 2003లో బ్రిటన్ కొత్త అప్పగింత చట్టం చేసినప్పుడు మాత్రం అది కనిపించకుండా పోయింది. చాలాకాలం గడచిపోవడం అప్పగింతకు అడ్డంకిగా మిగిలింది. నేరపు అల్పత్వం మిగలలేదు.

దీనికి కారణం ఐరోపా అరెస్టు వారంటు. 2002 జూన్ 13న ఐరోపా యూనియన్ దేశాలు చేసుకున్న నిర్ణయం ప్రకారం, ఒక సభ్యదేశపు న్యాయాధికారి జారీ చేసిన వారంటును మరొక సభ్యదేశపు న్యాయాధికారి పరస్పర విశ్వాసంతో అమలు చేయాలి. మంత్రుల జోక్యం తగ్గింది, ఏండ్లు పట్టే వ్యవహారం వారాలకు దిగింది. ఇది మెచ్చుకోదగినదే. అల్పమైన కేసులను వడకట్టడానికి అందులో ఒక జల్లెడ కూడ పెట్టారు. ఆరోపణ దశలో ఉన్న నేరానికి చట్టం విధించగల గరిష్ఠ శిక్ష కనీసం 12 నెలలు ఉండాలి. శిక్ష ఇప్పటికే పడివుంటే అది కనీసం 4 నెలలు కావాలి. చూడడానికి ఇది సబబుగానే ఉన్నది. కాని చిన్న దొంగతనానికి సైతం గరిష్ఠ శిక్ష ఏడాదిని మించి రాసి ఉండడం చాల దేశాల శిక్షాస్మృతులలో మామూలు. గరిష్ఠ శిక్షను బట్టి చూసే జల్లెడలో అసలు నేరం ఎంతటిదో తేలదు.

పోలెండు వంటి దేశాలలో నేరం తెలిసినప్పుడు ప్రాసిక్యూటరు దానిని వెంబడించి తీరాలన్నది సాధారణ నియమం. అటువంటి పద్ధతి గల దేశాల నుండి చిల్లర నేరాలకు కూడ వారంటులు వెల్లువగా వచ్చాయి. 2011లో ఐరోపా కమిషన్ తన నివేదికలో స్వయంగా ఈ సంగతి ఒప్పుకున్నది. బహు స్వల్పమైన నేరాలకు అలవాటుగా వారంటులు జారీ చేయడం వలన మొత్తం ఏర్పాటు మీదనే నమ్మకం సడలుతున్నదని హెచ్చరించింది. ఒడంబడికకు నష్టం తిరస్కరించేవారి వలననే కాదు, విచక్షణ లేకుండా కోరేవారి వలన కూడ కలుగుతుందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కుటుంబమనే ప్రక్క ద్వారం

అల్పత్వం అనే తలుపు మూసుకున్నాక న్యాయవాదులు మరొక దారి వెదికారు. ఐరోపా మానవహక్కుల ఒడంబడికలోని 8వ అధికరణం కుటుంబ జీవితానికి గౌరవం కల్పిస్తుంది. దానిలో రాజ్యం జోక్యం చేసుకుంటే ఆ జోక్యం అనుపాతంలో ఉండాలి. ఈ దారిన వచ్చిన కేసులలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది 2010లో బ్రిటిషు సుప్రీంకోర్టు తీర్చిన నారిస్ కేసు. మోర్గాన్ క్రూసిబుల్ కంపెనీ మాజీ అధిపతి ఇయాన్ నారిస్‌ను అమెరికా కోరింది. వ్యాపారులతో కుమ్మక్కై ధరలు నిర్ణయించాడన్నది ముఖ్య ఆరోపణ. ఆ కాలంలో అది ఇంగ్లండులో నేరం కాదు గనుక దాని మీద అప్పగించరాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ 2008లోనే తేల్చింది. మిగిలినది ఆ వ్యవహారంపై దర్యాప్తును అడ్డుకున్నాడన్న ఆరోపణ. వృద్ధాప్యం, భార్య అనారోగ్యం కారణాలుగా చూపినా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. కుటుంబ జీవితంపై అత్యంత తీవ్రమైన ప్రభావం ఉంటేనే అప్పగింత అనుపాతం తప్పుతుందని లార్డ్ ఫిలిప్స్ తీర్పు సారాంశం. ఇచ్చట తక్కెడలో ఒక పళ్ళెం ముందే బరువెక్కి ఉన్నది.

రెండవది 2012లో వెలువడిన తీర్పు. మూడు అప్పీళ్ళను కలిపి విన్నారు. ఇటలీ కోరిన భార్యాభర్తలు మాదకద్రవ్యాల అక్రమ రవాణాలో శిక్ష పడినవారు. పోలెండు కోరిన స్త్రీ ఐదుగురు పిల్లల తల్లి. ఆమెపై ఉన్నవి అంత పెద్దవి కాని మోసపు నేరాలు, అవి జరిగి చాల ఏండ్లు గడిచాయి. లేడీ హేల్ ఈ తీర్పులో నారిస్ కేసును కొంత సవరించారు. అప్పగింతలో ప్రజా ప్రయోజనం ఎల్లప్పుడూ ఉంటుంది, అయితే దాని బరువు అన్ని కేసులలో ఒక్కటి కాదు. నేరం తీవ్రతను బట్టి మారుతుంది. జాప్యం వలన తగ్గవచ్చు. పిల్లల మేలును ముఖ్యంగా చూడాలి అన్నారు. పోలెండు స్త్రీ అప్పీలు నెగ్గింది. ఇటలీ కోరిన దంపతుల అప్పీళ్ళు వీగిపోయాయి. తండ్రి విషయంలో మాత్రం లేడీ హేల్ తక్కిన న్యాయమూర్తులతో విభేదించారు.

ఈ తీర్పు మానవీయమైనది. ఫలితం కూడ న్యాయమైనదే. లోపం ఫలితంలో లేదు, దారిలో ఉన్నది. అదే స్త్రీకి బదులు అటువంటి నేరమే చేసిన ఒంటరి మనిషి ఆ బోనులో నిలబడితే ఏమయ్యేది? పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, ఎవరి ఇంటిలోనో అద్దెకుండి కూలి చేసుకుంటున్నాడు. అతని తరఫున తక్కెడలో వేయడానికి ఏమున్నది? నేరం అంతే చిన్నది, గడచిన కాలం అంతే, విమానమూ అదే, జైలూ అదే. కాని అతనికి కుటుంబం లేదు. కనుక అతడు పోతాడు. నేరం చిన్నదన్న కారణం తనంతట తాను నిలబడలేక, పిల్లల కన్నీటి ఆసరా తీసుకోవలసి వచ్చింది. నేరం అల్పమైతే అది అందరికీ అల్పమే. దానిని కుటుంబమున్నవారికి మాత్రమే దొరికే దయగా మార్చడం న్యాయం కాదు.

సగం దిద్దుబాటు

ఈ లోపాన్ని పార్లమెంటు గుర్తించకపోలేదు. 2014లో చట్టానికి 21ఎ అనే విభాగాన్ని చేర్చారు. దాని ప్రకారం అప్పగింత అనుపాతంలో ఉన్నదా అని న్యాయమూర్తి చూడాలి. చూడవలసినవి మూడు: చేసినదని చెప్పే పని ఎంత తీవ్రమైనది, రుజువైతే పడగల శిక్ష ఎంత, అప్పగింతకంటె తక్కువ కఠినమైన మరొక మార్గం ఉన్నదా. మూడవ ప్రశ్న విలువైనది. సమన్లు పంపి రప్పించవచ్చునా, ఉన్నచోటనే సాక్ష్యం తీసుకోవచ్చునా అని అడగకుండా సంకెళ్ళు వేయడం ఎవరికీ మేలు చేయదు.

కాని ఈ విభాగం ఆరోపణ దశలో ఉన్నవారికే వర్తిస్తుంది. శిక్ష పడినవారికి వర్తించదు. ఆరు నెలల శిక్ష పడి, దానిని అనుభవించకుండా వచ్చి, మరొక దేశంలో పదేండ్లు ఒళ్ళు వంచి పనిచేసుకున్న మనిషికి మళ్ళీ ఆ పాత కుటుంబ ద్వారమే గతి. కోర్టు తీర్పును ధిక్కరించినవానికి సానుభూతి ఏమిటని అడగవచ్చు. ఆ ప్రశ్నలో కొంత నిజమున్నది. శిక్ష పడిందంటే నేరం రుజువైందన్నమాట. దాని బరువు తప్పక పెరగాలి. బరువు పెరగడం వేరు, అసలు తూచకపోవడం వేరు.

2015లో సెలిన్‌స్కీ కేసులో ఇంగ్లండు హైకోర్టు, 8వ అధికరణం కేసులలో జమాఖర్చుల పట్టిక పద్ధతిని నిర్దేశించింది. అప్పగింతకు అనుకూల కారణాలు ఒక ప్రక్క, వ్యతిరేక కారణాలు మరొక ప్రక్క రాసి, ఒకదానికంటె మరొకటి ఎందుకు ఎక్కువో చెప్పమన్నది. క్రమశిక్షణకు ఇది మంచి పద్ధతే. అయితే పట్టికలోని మొదటి పంక్తి, అనగా ఒడంబడిక నిలుపుకోవాలన్న ప్రయోజనం, ప్రతి కేసులోనూ ముందే రాసి ఉంటుంది. ఎదుటి పంక్తులను మాత్రం నిందితుడు ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలి. పట్టిక నిండినంత మాత్రాన తూకం జరిగినట్లు కాదు.

తూకం సరియైన చోటికి చేరడం ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2019 మే 27న ఇచ్చిన తీర్పులో కనిపిస్తుంది. వారంటు జారీ చేసే అధికారి ప్రభుత్వ ఆదేశాలకు లోబడనివాడై ఉండాలని, జారీ చేయడం అనుపాతంలో ఉన్నదా అని జారీకి ముందే స్వతంత్రంగా పరిశీలించాలని అందులో చెప్పారు. 2020 చివర బ్రిటన్‌కు, ఐరోపా యూనియన్‌కు మధ్య కుదిరిన వాణిజ్య సహకార ఒప్పందంలో కూడ అప్పగింత అవసరమైనదిగా, అనుపాతంలో ఉండాలని వ్రాసుకున్నారు. నిందితులకు, శిక్ష పడినవారికి మధ్య అక్కడ భేదం చూపలేదు. అయితే తిరస్కరించడానికి గల కారణాల జాబితాలో దీనిని విడిగా చేర్చలేదు. సూత్రం ప్రవేశికలో నిలిచింది, తలుపు దగ్గర కాపలాకు రాలేదు.

ఒకే అక్టోబరులో రెండు నిర్ణయాలు

నియమం స్పష్టంగా లేనిచోట ఏమి జరుగుతుందో 2012 అక్టోబరు నెల చూపింది. లండనుకు చెందిన బాబర్ అహ్మద్‌ను అమెరికా కోరికపై 2004 ఆగస్టులో అరెస్టు చేశారు. ఆరోపణలు ఒక వెబ్‌సైటు నిర్వహణకు సంబంధించినవి. దాని సర్వర్లలో ఒకటి అమెరికాలోని కనెక్టికట్‌లో ఉండేది. అతనిని బ్రిటన్‌లోనే విచారించాలని లక్షమందికి పైగా సంతకాలు చేశారు. విచారణ లేకుండా ఎనిమిదేండ్లు బ్రిటిషు నిర్బంధంలో ఉన్నాక, స్ట్రాస్‌బోర్గ్ మానవహక్కుల న్యాయస్థానం కూడ అభ్యంతరం లేదన్న పిమ్మట, 2012 అక్టోబరు 5న అతనిని అప్పగించారు. 2006 నుండి నిర్బంధంలో ఉన్న తల్హా అహ్సన్‌ను అదే రోజున పంపారు. అతనికి ఆస్పర్గర్ సిండ్రోమ్ అనే మానసిక స్థితి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. పదకొండు రోజుల తరువాత, అక్టోబరు 16న, అమెరికా సైనిక కంప్యూటర్లలో చొరబడిన ఆరోపణ గల గ్యారీ మెకిన్నన్‌ను అప్పగించబోమని హోంమంత్రి థెరెసా మే ప్రకటించారు. అతనికీ అదే సిండ్రోమ్. ఆత్మహత్య చేసుకునే ప్రమాదమున్నదన్నది కారణం.

మెకిన్నన్ విషయంలో నిర్ణయం సరియైనదే. ఆరోపణలు వేరు, వైద్య సాక్ష్యాలు వేరు అన్నది కూడ నిజమే. ఒక్క తేదీని పట్టుకొని వివక్షను రుజువు చేయలేము. కాని ఇద్దరినీ ఒకే కొలతతో తూచినట్లు చూపగల నియమం ఏదీ ఆనాడు లేదు. న్యాయం జరగడమే కాదు, జరిగినట్లు కనిపించాలి. అమెరికాలో బాబర్ అహ్మద్ నేరం ఒప్పుకున్నాక ప్రాసిక్యూషన్ 25 ఏండ్లు కోరగా, 2014 జూలైలో న్యాయమూర్తి పన్నెండున్నర ఏండ్లు విధించి, గడచిన నిర్బంధాన్ని అందులో లెక్కించారు. తల్హా అహ్సన్‌కు అప్పటిదాకా గడచిన నిర్బంధమే శిక్షగా సరిపోయిందన్నారు. అనగా అతని విషయంలో నిరీక్షణయే శిక్ష అయ్యింది. బ్రిటన్‌లోనే విచారణ జరిగివుంటే దోషియో నిర్దోషియో ఏండ్ల క్రిందటనే తేలేది. తరువాత 2013లో, నేరంలో గణనీయమైన భాగం బ్రిటన్‌లో జరిగినప్పుడు అక్కడనే విచారించడానికి వీలు కల్పించే సవరణ వచ్చింది. 2018లో లౌరీ లవ్ అనే మరొక కంప్యూటరు కేసు నిందితుని అప్పగింతను హైకోర్టు దాని క్రిందనే నిలిపింది. ఆ సవరణ బాబర్ అహ్మద్‌కు అందలేదు.

అక్కడ ఎదురయ్యేది ఏమిటి?

అనుపాతంలో మరొక అంశం, అప్పగించిన పిమ్మట ఎదురయ్యే శిక్ష. 1989లో సోరింగ్ కేసులో స్ట్రాస్‌బోర్గ్ న్యాయస్థానం ఒక గొప్ప మాట స్థాపించింది. మరణశిక్ష కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూసే దుస్థితికి మనిషిని పంపితే, ఆ అమానుషత్వానికి పంపిన దేశమూ బాధ్యత వహించాలి. నా చేతిలో ఏమీ లేదు, నేను అప్పగించాను అంతే అని ఏ రాజ్యమూ తప్పుకోజాలదు.

ఆ తరువాతి నడక అంత తిన్నగా లేదు. 2012లో ఘోరంగా అనుపాతం తప్పిన శిక్ష అప్పగింతకు అడ్డంకి కాగలదంటూనే, అటువంటి సందర్భాలు బహు అరుదని అదే న్యాయస్థానం అన్నది. 2014లో ట్రబెల్సీ కేసులో, విడుదల ఆశ లేని జీవిత ఖైదుకు పంపడం తప్పన్నది. 2022లో సాంచెజ్ సాంచెజ్ కేసులో విశాల ధర్మాసనం ఆ మాట నుండి వెనుకకు జరిగింది. పరాయి దేశపు శిక్షాపద్ధతిని పూర్తిగా తన కొలతతో కొలవలేమన్నది దాని వాదం. వాదంలో వినయమున్నది. కాని తిరిగి సరిదిద్దలేని నష్టం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు వినయం తగినంత సమాధానం కాదు.

సియర్ గ్రంథాలలో ఈ ప్రశ్న

ఒడంబడికకు కట్టుబడడం, మనిషిని కాపాడడం అనే రెండు ధర్మాల సంఘర్షణ ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయశాస్త్రమైన సియర్‌కు కొత్తది కాదు. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, అక్కడనే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వంటి పండితులు ఈ శాస్త్రాన్ని ఆధునిక పాఠకులకు పరిచయం చేశారు.

అబిసీనియాలో నజాషీ ప్రభువు ఎదుట ఖురైషు దూతలు కానుకలతో వచ్చి ముస్లిం శరణార్థులను ఒప్పజెప్పమన్నారు. సభికులు ఇచ్చివేయమన్నారు. ఆయన రెండవ పక్షాన్ని వినక నిర్ణయించనన్నాడు. హజ్రత్ జఅఫర్ (రజి) మాటలు విని, కోరికను త్రోసిపుచ్చి, కానుకలను తిప్పి పంపాడు. అప్పగింతకు ముందు విచారణ అనే నియమానికి ఇది చక్కని ఉదాహరణ.

హుదైబియా సంధి ఇంతకంటె కఠినమైన ఉదాహరణ. హిజ్రీ 6వ ఏట జరిగిన ఆ సంధిలో, సంరక్షకుల అనుమతి లేకుండా మక్కా నుండి వచ్చినవారిని తిరిగి పంపాలన్న షరతు ఉన్నది. సంకెళ్ళతో వచ్చిన హజ్రత్ అబూ జందల్ (రజి)ను మినహాయించమని దైవప్రవక్త (స) కోరినా సుహైల్ ఒప్పుకోలేదు. మాట నిలుపుకోవడం ఎంత బరువైనదో ఇందులో తెలుస్తుంది. దానిని తేలిక చేసే విమర్శ న్యాయమైనది కాదు.

కాని కథ అక్కడితో ముగియలేదు. హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి) మదీనాకు వచ్చినప్పుడు ఆమె సోదరులు వెంటనే వచ్చి అడిగారు. ఆమెను పంపలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ముమ్‌తహినా సూరా 10వ ఆయత్ మూడు విషయాలు విధించింది: వచ్చిన స్త్రీలను పరీక్షించాలి, వారు విశ్వాసినులని తేలితే తిరిగి పంపరాదు, అయితే వారి భర్తలు ఖర్చుపెట్టిన మహర్‌ను వారికి చెల్లించాలి. ఈ మూడవ అంశాన్ని నేటి న్యాయవేత్తలు శ్రద్ధగా చదవాలి. కోరే పక్షానికి న్యాయంగా రావలసినది ఏదో దానిని ఇచ్చారు, మనిషిని మాత్రం ఇవ్వలేదు. 2014లో ఇంగ్లండు చట్టం అడిగిన మూడవ ప్రశ్నకు, తక్కువ కఠినమైన మార్గం ఉన్నదా అన్నదానికి, ఇదే సమాధానం.

తరువాతి ఫుఖహా పురుషుల విషయంలోనూ ఆలోచించారు. హనఫీ పండితులు అటువంటి షరతు ఇక చెల్లదన్నారు. షాఫియీ పండితులు, తనను కాపాడుకోగల తెగ ఉన్నవానిని పంపవచ్చును గాని ఆ రక్షణ లేనివానిని పంపరాదన్నారు. అనగా పంపిన పిమ్మట అతనికి ఏమవుతుందన్నది నిర్ణయంలో భాగమే. ఇచ్చట ఒక భేదం గుర్తుంచుకోవాలి. హుదైబియా షరతు నేరస్థులను గురించినది కాదు, విశ్వాసం కారణంగా వేధింపబడినవారిని గురించినది. కనుక దానిని యథాతథంగా నేటి చట్టంపై పరచరాదు. ఐనా పద్ధతి నేర్పుతుంది: మాటకు బరువు ఉన్నది, మనిషికీ బరువు ఉన్నది, రెండింటినీ తూచాలి. హజ్రత్ అబూ బసీర్ (రజి) ఉదంతం తరువాత ఆ షరతును విడిచిపెట్టమని ఖురైషులే వచ్చి అడిగారు. కోరే హక్కును మితిమీరి బిగించినవారే దానిని వదలుకోవలసి వచ్చింది.

మన చట్టం

భారతదేశంలో 1962 నాటి అప్పగింత చట్టం ఉన్నది. దాని 29వ విభాగంలో 1881 నియమపు ఛాయ నేటికీ నిలిచి ఉన్నది. కేసు అల్పమైనదైనా, కోరిక సద్భావంతో కాక రాజకీయ కారణాలతో వచ్చినా, అప్పగించడం అన్యాయమనో అనుచితమనో తోచినా కేంద్ర ప్రభుత్వం వ్యవహారాన్ని నిలిపి ఆ వ్యక్తిని విడుదల చేయవచ్చును. ఇంగ్లండు పోగొట్టుకున్నదాన్ని భారతదేశం నిలుపుకున్నది. ఇది సంతోషించదగిన విషయం.

కాని 1881లో న్యాయస్థానానికి ఉన్న అధికారం ఇచ్చట ప్రభుత్వానిది. చేయాలి అని లేదు, చేయవచ్చు అని ఉన్నది. దూరాన్ని గురించి, తిరిగి పంపడమే మితిమీరిన శిక్ష కావడాన్ని గురించి మాట లేదు. విదేశాంగ సంబంధాలు చూసుకునే ప్రభుత్వమే ఆ సంబంధాలకు ఇబ్బంది కలిగించే తిరస్కరణను కూడ చేయాలి. ఇటువంటి అధికారం పుస్తకంలో నిద్రపోయే అవకాశమే ఎక్కువ.

భారతదేశం కోరే పక్షంలో ఉన్నప్పుడు పాఠం మరొకటి. 2005లో పోర్చుగల్ అబూ సలేంను అప్పగించింది. ఆ దేశపు రాజ్యాంగం మరణశిక్షను, జీవిత ఖైదును ఒప్పుకోదు. అందువలన మరణశిక్ష గాని, 25 ఏండ్లకు మించిన నిర్బంధం గాని ఉండదని అప్పటి ఉపప్రధాని అద్వానీ 2002లో హామీ ఇచ్చారు. 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో 2017లో అతనికి జీవిత ఖైదు పడింది. ఆ హామీకి ప్రభుత్వం కట్టుబడాలని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అంత ఘోరమైన ఆరోపణలున్న కేసులో సైతం అప్పగింత శిక్షకు ఒక హద్దు గీసింది. ఆ హద్దును గౌరవించకపోతే రేపు ఏ దేశమూ భారతదేశపు మాటను నమ్మదు. అనుపాతం నేరస్థునిపై జాలి కాదు, ఒడంబడికలు బ్రతికి ఉండడానికి కావలసిన షరతు.

పై చర్చ నుండి తేలే విషయం ఇది. కోరే దేశం తన కోరిక అవసరమైనదా అని ముందుగా ప్రశ్నించుకోనప్పుడు, నేరం చిన్నదై అప్పగింత వలన కలిగే నష్టం దానిని మించినప్పుడు, న్యాయానికి కావలసినది తక్కువ కఠినమైన మార్గంలో దొరుకుతున్నప్పుడు, అక్కడ ఎదురయ్యేది సరిదిద్దలేని అమానుషత్వమైనప్పుడు, అప్పగింత సమర్థనీయం కాదు. ఈ ప్రశ్నలు నిందితుడైనా, శిక్ష పడినవాడైనా, కుటుంబీకుడైనా, ఒంటరివాడైనా, ఏ మతం వాడైనా ఒక్కటిగానే అడగాలి. వాటిని అడగవలసింది న్యాయస్థానం. 29వ విభాగంలోని అధికారాన్ని న్యాయమూర్తి కర్తవ్యంగా మార్చే చిన్న సవరణ ఆ దిశలో మొదటి అడుగు కాగలదు.